ప్రూఫులమ్మ దిద్దుకున్న బొమ్మ

పత్రికాఫీసులో ఆమెను అందరూ ప్రూఫులమ్మ అనేవాళ్ళు. ఉద్యోగంలో చేరిన మూడో నెలలోనే కంపోజింగు గదిలో ఎవరో సరదాకి పెట్టిన పేరది. యాభై ఎనిమిదేళ్ళకు పదవీ విరమణ చేసిన రోజున కూడా అదే పేరుతో వేదిక మీదికి పిలిచారు. అప్పటికి ఆమె ప్రూఫులు దిద్దడం మానేసి ఇరవై ఆరేళ్ళయింది.

ప్రూఫుల గది మేడ మీద, మెట్ల పక్కన ఉండేది. పొడవాటి బల్ల ఒకటి, రెండు కుర్చీలు, ఎంత తోసినా తలుపు పడని ఒక బీరువా. కింద కంపోజింగు గదిలో సీసపు అక్షరాలు పేర్చి, సిరా పూసి, కాగితం మీద ఒత్తి పైకి పంపేవాళ్ళు. ఆ కాగితాలు ఇంకా తడి ఆరకుండానే ఆమె చేతికొచ్చేవి. తప్పున్న చోట నీలం పెన్సిలుతో గుర్తు పెట్టి కిందికి పంపితే, వాళ్ళు అక్షరాలు మార్చేవాళ్ళు. ఇదీ పని. ఇరవై నాలుగేళ్ళ వయసులో ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు ఇంతకుమించి తన బతుకులో ఏదో ఉంటుందని ఆమె అనుకోలేదు.

అయితే ఒకసారి చూసిన మనిషిని ఆమె కళ్ళు వదిలిపెట్టేవి కావు. చొక్కా పట్టుకుని ఎవరో వెనక్కి లాగుతున్నట్టు నడిచే సబ్ ఎడిటరు, ఫోనులో మాట్లాడుతూ అవతలివాడికి కనిపిస్తున్నట్టు వంగి వంగి నమస్కారాలు పెట్టే యాడ్స్ మేనేజరు, అందరూ ఆమె తలలో తిష్ట వేసేవాళ్ళు. ఒక కాగితానికీ ఇంకో కాగితానికీ మధ్య దొరికే రెండు నిమిషాల్లో చేతిలోని నీలం పెన్సిలు తనంతట తానే మార్జిన్లోకి జారేది. నాలుగు గీతలు పడేసరికి మేనేజరు ఫోనుకు సాష్టాంగపడుతూ కనిపించేవాడు. ఆ కాగితం అలాగే కిందికి వెళ్ళిపోయేది.

ఏడాది తిరిగేసరికి పత్రికలో ఒక వింత మొదలైంది. తప్పులు పెరిగిపోయాయి. ఒకరోజు మొదటి పేజీలో ‘రెండు గంటల పాటు సాగిన మంత్రిగారి ఉపవాసం’ అని పడింది. ఉపన్యాసం ఉపవాసమైంది. ఆ వారంలోనే ‘సభకు జనం తరలివచ్చారు’ అనాల్సింది ‘తరిమివచ్చారు’ అయింది. ఎడిటరు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. ప్రూఫులమ్మను పిలిచి అడిగితే, రెండూ తాను దిద్దే పంపానని ఆమె ప్రమాణం చేసి చెప్పింది. సంగతేమిటో చూద్దామని ఆయన స్వయంగా మెట్లు దిగి కంపోజింగు గదిలోకి వెళ్ళాడు.

అక్కడ గోడ నిండా ఆమె దిద్దిన ప్రూఫులే. బొమ్మలున్న కాగితాలను అక్షరాలు మార్చకముందే ఎవరికి వాళ్ళు లాగేసుకుని గోడకు అంటించుకుంటున్నారు. మధ్యలో, అందరికీ కనిపించేలా, ఎడిటరుగారి బొమ్మ ఉంది. కళ్ళద్దాలు నుదుటి మీద పెట్టుకుని ఆయన బల్ల కింద వాటికోసం వెతుకుతున్నాడు. ఆయన వెనకే ఆఫీసు మొత్తం మోకాళ్ళ మీద పాకుతూ వెతుకుతోంది. చెప్పే ధైర్యం ఒక్కరికీ లేదు.

ఎడిటరు చాలాసేపు చూశాడు. చెయ్యి మెల్లగా నుదుటి మీదికి వెళ్ళింది. అద్దాలు అక్కడే ఉన్నాయి.

“ఇది నేనేనా?” అన్నాడు.

“కాదని ఎలా చెప్పమంటారు సార్?” అన్నాడు ఫోర్‌మన్.

ఆ సాయంత్రం ప్రూఫులమ్మకు పిలుపొచ్చింది. ఉద్యోగం ఊడిందనే అనుకుంది. ఇంట్లో ఏమని చెప్పాలో మాటలు కూర్చుకుంటూ ఆయన గదిలోకి వెళ్ళింది.

“తప్పులు దిద్దమ్మా అని కూర్చోబెడితే తప్పులు పెంచుతున్నావు కదా.”

“క్షమించండి సార్. ఇంకెప్పుడూ గీయను.”

“గీయొద్దని ఎవరన్నారు? ప్రూఫుల మీద గీయొద్దు. విడిగా తెల్లకాగితం మీద గీసి పెద్దాయనకి చూపించు.”

పెద్దాయనంటే ఆ పత్రికలో ముప్ఫై ఏళ్ళుగా కార్టూన్లు వేస్తున్న మనిషి. అప్పటికే ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. గీత గీసే ముందు మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని రెండు క్షణాలు ఆగేవాడు. అలాంటి మనిషి దగ్గరికి తనను పంపితే, నా కుర్చీకి ఎసరు పెట్టడానికి వచ్చావా అంటాడేమోనని ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

ఆయన ఆమె కాగితాలు ఒక్కొక్కటే తిప్పాడు. ఒకచోట ఆగి పకపకా నవ్వాడు. “ఇన్నాళ్ళూ ఎక్కడున్నావమ్మా?” అన్నాడు.

“పై గదిలోనే సార్. మెట్ల పక్కన.”

“ఆ మెట్లు నేను రోజూ ఎక్కుతాను. కళ్ళెక్కడ పెట్టుకున్నానో!” అని తన పాళీల డబ్బా ఆమె ముందుకు తోశాడు. పాళీ ఎలా పట్టుకోవాలో, సిరాలో ఎంత ముంచాలో, ఊపిరి వదులుతూ గీత ఎలా లాగాలో ఆరు నెలలు చెప్పాడు. వారంలో రెండు రోజుల కార్టూన్ ఆమెకిమ్మని ఎడిటరుతో తానే అన్నాడు. ఎడిటరు ఒప్పుకున్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు. పేరు వేయకూడదు.

“కార్టూన్ కింద ఆడపేరు చూస్తే జనం నవ్వడం మానేసి ముక్కు మీద వేలేసుకుంటారమ్మా. ఏదో గుర్తు పెట్టుకో, చాలు.”

ఆమె మూలన చిన్న పెన్సిలు ముక్క గీయడం మొదలుపెట్టింది. పాఠకులు అది ఎవరో మగమనిషి అనుకున్నారు. ‘అయ్యా’ అని ఉత్తరాలు రాసేవాళ్ళు. ఆమె చదువుకుని నవ్వుకునేది. నవ్వులో ఎక్కడో చిన్న ముల్లు ఉండేది. దాన్ని పైకి రానిచ్చేది కాదు.

ఇంట్లో ముగ్గురు. భర్త కరెంటాఫీసులో మీటర్ రీడరు. రోజంతా ఇంటింటికీ తిరిగేవాడు కాబట్టి, ఏ వీధిలో జనం దేని గురించి తిట్టుకుంటున్నారో సాయంత్రానికల్లా మోసుకొచ్చేవాడు. “ఇవాళ పదిళ్ళలో ఒకటే మాట, మురిక్కాలవ” అని చెప్పులు విప్పుతూనే చెప్పేవాడు. ఆమెకు సగం కార్టూన్లు అలా గుమ్మంలోనే దొరికాయి.

మూడో మనిషి అత్తగారు. ఆవిడకు చదువు రాదు. కోడలు మొదటిసారి పత్రికలో బొమ్మ వేసిందని తెలిసి ఆవిడ కళ్ళు చిట్లించి చూసి, “ఈ కింద గిలుకులు నాకు తెలీవు. వాటిని చేత్తో మూసెయ్. బొమ్మ మాత్రం చూపించు” అంది. మూసింది. ఆవిడ కాసేపు చూసి కిసుక్కున నవ్వింది. ఆ రోజు నుంచీ అదొక పద్ధతైంది. ఆఫీసుకు పంపకముందే బొమ్మ వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళాలి. మాటలు మూసి పెట్టినా ఆవిడ నవ్విందంటే పాసు. “ఇందులో ఏముందే?” అందంటే మళ్ళీ గీయాల్సిందే. ఎడిటరుకు నచ్చినవి కూడా అత్తగారి దగ్గర తప్పిన రోజులున్నాయి.

ఇలా ఐదేళ్ళు గడిచాయి. అప్పుడు వచ్చింది ఆ కౌన్సిలరు సంగతి.

ఆ కౌన్సిలరు తన వార్డులో మంచినీళ్ళ ట్యాంకు ఒకటి కట్టించాడు. కట్టించి మూడుసార్లు ప్రారంభించాడు. పునాది వేసినప్పుడొకసారి, రంగు వేసినప్పుడొకసారి, మెట్లు బిగించినప్పుడొకసారి. మూడుసార్లూ ఫొటోలు పడ్డాయి. నీళ్ళు మాత్రం ఒక్క చుక్క రాలేదు. బిందెలు పట్టుకుని నిలబడిన ఆడవాళ్ళ గురించి భర్త చెప్పగా విని, ఆమెకు ఒళ్ళు మండిపోయింది. కౌన్సిలరుకు పుట్టుకతో మెల్లకన్ను. ఆమె దాన్నే పట్టుకుంది. ఒక కన్ను ట్యాంకు వైపు, ఒక కన్ను కెమెరా వైపు పెట్టి, కళ్ళు రెండింటినీ పళ్ళాలంత చేసి గీసింది. కింద ‘అన్నీ ఆయనే చూసుకుంటున్నారు’ అని రాసింది.

మాటలు చేత్తో మూసి అత్తగారి ముందు పెట్టింది. ఆవిడ నవ్వలేదు.

“వీడు చెడ్డవాడని తెలిసింది. ఏం చేశాడో తెలీలేదు” అంది.

“ట్యాంకు ఉంది కదత్తయ్యా వెనకాల.”

“ట్యాంకు చిన్నగా ఉంది. కళ్ళు పెద్దగా ఉన్నాయి. మెల్లకన్ను ఉండడమేనా వీడు చేసిన నేరం?”

ఆమెకు చిరాకొచ్చింది. ఆఫీసుకు వేళవుతోంది, మళ్ళీ గీసే తీరిక లేదు. “మీకు ఈ రాజకీయాలు తెలీవులెండి” అని కాగితం చుట్టుకుని వెళ్ళిపోయింది. ఆఫీసులో ఆ బొమ్మకు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. పెద్దాయన సెలవులో ఉన్నాడు.

వారం తర్వాత ఒక ఉత్తరం వచ్చింది. నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం.

‘కార్టూన్ అంకుల్ గారికి. మీరు గీసిన కౌన్సిలరు మా నాన్న. ట్యాంకులో నీళ్ళు రావట్లేదని నాకూ తెలుసు. మా నాన్న తప్పు చేస్తే మీరు తిట్టండి. కానీ నా కళ్ళు కూడా మా నాన్న కళ్ళలాగే ఉంటాయి. నేను ఏ తప్పూ చేయలేదు. మా క్లాసులో బోర్డు పక్కన మీ బొమ్మ అంటించారు. కింద నా పేరు రాశారు. నేను ఐదో తరగతి.’

ఆమెకు తల తీసేసినట్టయింది. ఉత్తరం రెండోసారి చదవడానికి మనసు రాలేదు. ఎదుటి కుర్చీలో పనిచేస్తున్న మనిషి “ఏమైందమ్మా?” అంటుండగానే లేచి మెట్లు దిగి, కంపోజింగు గది దాటి, పెరట్లో పాత కాగితాల కట్టల మధ్య కూర్చుని ఏడ్చింది. మూడు రోజులు పెన్సిలు ముట్టుకోలేదు. అత్తగారు ఏమిటని అడిగితే ఉత్తరం చదివి వినిపించింది. నేను ముందే చెప్పానుగా అనడానికి ఆవిడకు అన్ని విధాలా హక్కుంది. ఆ మాట అనలేదు. కోడలి తల మీద చెయ్యేసి, “పిల్ల గట్టిది. నీకే నేరుగా రాసింది. జవాబియ్యి” అంది.

నాలుగో రోజు పెద్దాయన సెలవు ముగించుకుని వచ్చాడు. ఆమె ఉత్తరం ఆయన చేతికిచ్చింది. ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“ఇలాంటిది నేనూ గీశానమ్మా, చాలా ఏళ్ళ క్రితం. ఒకాయన కుంటితనం మీద. నాకు ఇలాంటి ఉత్తరం రాలేదు. అందుకే అది తప్పని తెలుసుకోవడానికి నాకు పదేళ్ళు పట్టింది. నీకు వారంలో తెలిసింది. అదృష్టవంతురాలివి.”

ఆ మాటతో ఆమెకు ఊపిరి తిరిగింది. నేరుగా ఎడిటరు గదిలోకి వెళ్ళి, పత్రికలో క్షమాపణ చెప్పాలంది.

“మతి పోయిందా? మనం క్షమాపణ చెబితే ఆ కౌన్సిలరు నెత్తినెక్కి కూర్చుంటాడు” అన్నాడు ఎడిటరు.

“ఆయనకి కాదు సార్. ఆ పిల్లకి.”

“సరే, నాలుగు ముక్కలు రాసి ఇంటికి పంపు.”

“బోర్డు పక్కన అంటించింది పత్రికే కదా సార్. జవాబు కూడా పత్రికలోనే పడాలి. ఇంకో మాట. ఆ పిల్ల అంకుల్ అని రాసింది. ముసుగేసుకుని క్షమాపణ ఎలా చెప్పను? నేనెవరో చెప్పే చెబుతాను.”

ఎడిటరు కుర్చీలో వెనక్కి వాలాడు. ఒప్పుకునే మొహం కాదది. అప్పుడు గుమ్మంలోంచి పెద్దాయన గొంతు వినిపించింది. ఎప్పుడొచ్చాడో ఏమో. “రేపు నా కార్టూన్ ఆపండి. ఆ చోటు ఆమెకివ్వండి. కాదంటే ఎల్లుండిదీ ఆగుతుంది.” ముప్ఫై ఐదేళ్ళలో ఆయన ఎడిటరు మాటకు ఎదురుచెప్పడం అదే మొదటిసారి.

ఆ రోజు ఆమె తన బొమ్మ తాను గీసుకుంది. పొడవాటి బల్ల, తలుపు పడని బీరువా, జడ ముందుకు పడిన ఒక ఆడమనిషి. బల్ల మీద పరిచిన కార్టూన్ మీద, కళ్ళుండాల్సిన చోట, ప్రూఫులు దిద్దేవాళ్ళు ‘తీసేయండి’ అని పెట్టే చుట్ట గుర్తు పెడుతోంది. కింద రెండే మాటలు, ‘తప్పు నాది.’ మూలన పెన్సిలు ముక్క పక్కన మొదటిసారిగా తన పూర్తి పేరు రాసింది.

అత్తగారికి చూపించింది. ఆవిడ ఎంతో పరీక్షగా చూసి, “నీ ముందు పళ్ళు ఎత్తుగా ఉంటాయి కదే. దాచావేం?” అంది.

“అత్తయ్యా! పుట్టుకతో వచ్చినవి గీయకూడదనే కదా ఈ గొడవంతా.”

“అది పక్కవాళ్ళవి. నీవి నువ్వు గీసుకోవచ్చు. ఎవరు అడ్డొచ్చారు?”

ఆమె ఏడుస్తూ నవ్వింది. నవ్వుతూనే పళ్ళు గీసింది.

మర్నాడు పత్రిక వెలువడింది. తర్వాతి పది రోజులూ ఉత్తరాలు సంచుల్లో వచ్చాయి. ఆడవాళ్ళకు ఈ వెటకారాలు ఎందుకని రాసినవాళ్ళున్నారు. ఇన్నేళ్ళూ మోసం చేశారని ఒకాయన పత్రిక మానేశాడు. కానీ ఎక్కువ ఉత్తరాలు అలాంటివి కావు. లెక్కల పుస్తకం వెనకా, చీటీల మీదా, పాత క్యాలెండరు వెనకా బొమ్మలు గీసి దాచుకున్న ఆడవాళ్ళు ఎందరో వాటిని కవర్లలో పెట్టి పంపారు. ఒకావిడ తన ఆఫీసరును గీసింది. ఒకావిడ మొగుడిని గీసి, ‘దయచేసి ఇది మాత్రం వేయకండి’ అని రాసింది. ఇంతమంది చాటుగా నవ్వుకుంటున్నారని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

కౌన్సిలరు స్వయంగా వచ్చాడు. బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, పెద్ద మనసు చేసుకున్న వాడిలా, “పోనీలెండి, జరిగిందేదో జరిగింది. ఇక నన్ను వదిలేసినట్టే కదా?” అన్నాడు.

“మీ కళ్ళను వదిలేశానండీ. ట్యాంకును వదల్లేదు” అంది ఆమె.

ఆ వారం కార్టూన్లో ఆమె ఆయన చేతికి ఒక పెద్ద కత్తెర ఇచ్చింది. ఆ కత్తెరతో ఆయన ట్యాంకు దగ్గర రిబ్బను కత్తిరిస్తాడు. తర్వాత ఇంట్లో తలుపుకు రిబ్బను కట్టి కత్తిరించి లోపలికి వెళతాడు. భోజనానికి ముందు కంచం చుట్టూ రిబ్బను. కింద బిందె పట్టుకుని నిలబడిన ఆడమనిషి, ‘కొళాయికి కూడా ఒకటి కట్టండయ్యా’ అంటుంది. అత్తగారు మాటలు మూయకముందే పడీ పడీ నవ్వింది. ఊళ్ళో ఆయనకు కత్తెరయ్య అనే పేరు స్థిరపడిపోయింది. ఎక్కడికెళ్ళినా రెండు వేళ్ళు కత్తెరలా ఆడించేవాళ్ళు. రెండు నెలలు తిరక్కుండా ట్యాంకులో నీళ్ళొచ్చాయి. ఆ రోజు ప్రారంభోత్సవం పెట్టలేదు.

ఆ పిల్ల దగ్గర్నుంచి రెండో ఉత్తరం వచ్చింది. ‘ఆంటీ గారికి. కత్తెర బొమ్మ బాగుంది. నాన్న ముందు నవ్వారు, తర్వాత కోప్పడ్డారు. మా టీచరు మీ క్షమాపణ బొమ్మ బోర్డు పక్కన అంటించారు. పాతది తీసేశారు.’ ఆ అమ్మాయి కాలేజీకి వెళ్ళేదాకా ఏడాదికొక ఉత్తరం రాసింది. ఇప్పుడు లెక్కల టీచరు. ప్రూఫులమ్మ ఎవరి ముఖం గీసినా, పాళీ ముంచే ముందు ఈ ముఖం ఇంకెవరికి ఉందో అని ఒక్క క్షణం ఆగడం అలవాటు చేసుకుంది. ఆ ఆగడం నేర్పింది ఐదో తరగతి పిల్ల అని ఎవరడిగినా చెప్పేది.

రెండేళ్ళకు పెద్దాయన చెయ్యి పూర్తిగా మొరాయించింది. కుర్చీ ఆమెకు అప్పగించి వెళ్ళాడు. ఆమె రోజూ కార్టూన్ వేయడం మొదలుపెట్టింది. ముఖ్యమంత్రులు మారారు, సీసపు అక్షరాలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. ప్రూఫుల గదిని స్టోరు చేశారు.

ఉద్యోగం చివరి పన్నెండేళ్ళలో ఆమె గీత మారింది. సన్నని పాళీ గీతలు పోయి, కుంచెతో లాగిన లావుపాటి నల్లని గీతలు వచ్చాయి. ఒక విమర్శకుడు దాని మీద పెద్ద వ్యాసం రాశాడు. కళాకారిణి పరిణతి, అనవసరమైనదాన్ని వదిలేసే ధైర్యం అంటూ ఏవేవో అన్నాడు. వీడ్కోలు సభలో ఆయనే వేదికెక్కి ఆ మాటలన్నీ మళ్ళీ చెప్పాడు. ఆమె వంతు వచ్చింది.

“ఆయన చెప్పింది వినడానికి ఎంత బాగుందో! నిజం చెబితే మీరు నన్ను తక్కువగా చూడకండి” అని మొదలుపెట్టింది. “మా అత్తయ్యకి చూపు తగ్గింది. సన్నగీతలు కనపడటం లేదంది. ఆవిడ చూడకుండా బొమ్మ పంపడం నాకు చేతకాదు. అందుకని లావుగా గీశాను. చూపు ఇంకా తగ్గింది, ఇంకా లావుగా గీశాను. అంతే. పరిణతీ గిరిణతీ నాకు తెలీవు.”

హాలంతా నవ్వింది. విమర్శకుడు కూడా నవ్వాడు. అత్తగారు పోయి అప్పటికి నాలుగేళ్ళయింది. గీతను మళ్ళీ సన్నం చేయాలని ఆమెకు ఎప్పుడూ అనిపించలేదు.

“చూడటం మా అత్తయ్య నేర్పింది. ఆగడం ఒక చిన్నపిల్ల నేర్పింది. తన చోటు తీసి నాకిచ్చి, ఎలా ఇవ్వాలో మా పెద్దాయన నేర్పారు. గోడకి అంటించి మొదట నవ్వినవాళ్ళు కింద గదివాళ్ళు. తన బొమ్మ చూసి కూడా ఉద్యోగం తీసేయకుండా తెల్లకాగితం మీద గీయమన్నది ఎడిటరుగారు. ఇందరి చేతులు పడితే ఒక గీత వచ్చింది. ఆ, ఇంకొకాయన ఉన్నారు. ముప్ఫై మూడేళ్ళు చెప్పులు విప్పకముందే నాకు వార్తలు మోసుకొచ్చారు. అందరికీ దణ్ణం.”

కిందికి దిగి మొదటి వరసలో భర్త పక్కన కూర్చుంది. ఆయన ముందుకు చూస్తూనే మెల్లగా అన్నాడు:

“నన్ను మరీ ఆఖర్న చెప్పావేం?”

“ఆఖర్న చెబితే అందరికీ గుర్తుంటుందని.”

“చెప్పులు విప్పుతూ చెప్పేవాణ్ణి. విప్పకముందే అన్నావు. ఆ తప్పు దిద్దు” అన్నాడాయన.